ఇంటి వెనక షెడ్డులో రెండు సీట్ల అల్యూమినియం విమానం: తిరుపతిలో అయ్యే పనేనా?

రేణిగుంట రేకు:

అందరికీ నమస్తే. ఐటీఐ ఫిట్టర్‌ని, గాజులమండ్యం ఎస్టేట్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేస్తున్నా. ఇల్లు తిరుచానూరు దగ్గర. ఇంటి వెనక మా నాయన ఎనుముల కోసం కట్టించిన షెడ్డు ఉంది, లోపల 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఎనుములు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు అందులో నా డ్రిల్లింగ్ మిషన్, చిన్న కంప్రెసర్, బెంచ్ గ్రైండర్, కటింగ్ మిషన్ ఉన్నాయి. దాంట్లో ఫుల్ మెటల్ విమానం ఒకటి కట్టాలని చాన్నాళ్ళుగా ఉంది. జోక్ కాదు. క్రిస్ హెయింజ్ డిజైన్ చేసిన జెనిత్ సీహెచ్ 701 లాంటిది మనసులో ఉంది, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 27 అడుగులే, అది కూడా రెండు ముక్కలుగా కట్టుకోవచ్చు కాబట్టి షెడ్డులో ఒక్కో రెక్క సులభంగా పడుతుంది.

నా డౌట్లు ఇవీ. రేకు మన ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది పనికొస్తుందా, లేక చెన్నై నుంచే తేవాలా? ఈ డిజైన్లలో పాప్ రివెట్లే వాడతారని చదివాను, అయితే మేము షాపులో డోర్లకి కొట్టే పాప్ రివెట్లు కొడితే ఏమవుతుంది? డ్రాయింగులు కొని రేకు నుంచి నేనే కట్ చేసుకోవడం మేలా, కంపెనీ భాగాలు తయారుచేసి పంపే కిట్ తెప్పించుకోవడం మేలా? పర్మిషన్ సంగతేంటి? పిచ్చి పని అని మాత్రం చెప్పొద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నా.

కొర్లగుంట కుర్రోడు:

అన్నా, కట్టేది సరే, ఎగరేసేది యాడ? కొండ మీదుగా ఒక విమానం పోతే చాలు, సాయంత్రానికి అన్ని చానళ్ళలో అదే వార్త. తిరుమలని నో ఫ్లై జోన్ చేయమని టీటీడీ వాళ్ళు కేంద్రాన్ని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. నువ్వు షెడ్డు తలుపు తీసేలోపే పోలీసోళ్ళు వచ్చి నిలబడతారు. కానీ కట్టు అన్నా, పైకి లేవకపోయినా సెల్ఫీ పాయింట్ అవుతుంది.

పుత్తూరు టు పల్లావరం:

పై కామెంట్‌ని పట్టించుకోకండి. నేను చెన్నైలో విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, సొంతూరు పుత్తూరు. పనంతా రేకు, రివెట్లతోనే కాబట్టి నాకు తెలిసిన భాగం చెప్తాను, పర్మిషన్ల గురించి ఇంకెవరైనా చెప్పనీ.

ముందు రేకు. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే అల్యూమినియం రేకు ఎక్కువగా కమర్షియల్ గ్రేడ్, గిన్నెలకీ పైకప్పులకీ వాడే మెత్తటి రకం. కిటికీల షాపులో దొరికే యాంగిళ్ళు, చానళ్ళు 6063 అనే అల్యూమినియం మిశ్రమం. మీరు చెప్పిన డిజైన్‌లో వాడేది 6061-టీ6, టీ6 అంటే వేడి చేసి గట్టిపరిచిన రకం. అమెరికాలో వ్యాన్స్ కంపెనీ అమ్మే ఆర్వీ కిట్ విమానాల్లో 2024-టీ3 ఆల్‌క్లాడ్ వాడతారు, అంటే రాగి కలిసిన గట్టి మిశ్రమానికి రెండు పక్కలా స్వచ్ఛమైన అల్యూమినియం పొర, ఎందుకంటే రాగి ఉన్న లోహం తొందరగా తుప్పు పడుతుంది. గట్టిదనం విషయానికి వస్తే మామూలు 1100 హెచ్14 రేకు దాదాపు 115 మెగాపాస్కల్స్ దగ్గర శాశ్వతంగా సాగిపోతుంది, 6061-టీ6 దాదాపు 275 వరకూ, 2024-టీ3 దాదాపు 345 వరకూ తట్టుకుంటాయి. అంటే అదే మందం, అదే మెరుపు, కంటికి ఏ తేడా తెలీదు, లోపల సగం బలం కూడా ఉండదు. చేత్తో వంచి చూస్తే కొంత తెలుస్తుంది, మెత్తటిది వంగి అలాగే ఉండిపోతుంది, టీ6 వెనక్కి స్ప్రింగులా లేస్తుంది. కానీ ఆ టెస్టు మీద ప్రాణం పెట్టి గాల్లోకి పోలేం కదా. అందుకే ప్రతి రేకుకీ మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ కావాలి, దాని మీదున్న హీట్ నంబర్ (ఏ విడత కరిగించిన లోహమో చెప్పేది) రేకు మీద ముద్రించిన నంబరుతో కలవాలి. పావు రేకు కట్ చేసి తీసుకుంటే నంబర్ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఫుల్ షీటే కొనండి.

ఇక రివెట్లు. హార్డ్‌వేర్ పాప్ రివెట్ ఎంత లోడ్ తట్టుకుంటుందో ఎవరూ రాసివ్వరు, విమానంలో వద్దేవద్దు. ఈ డిజైన్‌లో వాడేవి ఏవెక్స్ రకం బ్లైండ్ రివెట్లు, అవీ పాప్ రివెట్ లాగే ఒక పక్క నుంచే గన్‌తో లాగి బిగించేవి. హెయింజ్ గారి ట్రిక్ ఒకటుంది: కౌంటర్‌సంక్ తల, అంటే రేకులోకి దిగే చదును తల ఉన్న రివెట్‌నే తీసుకుని, గన్ ముక్కుని లోపలికి గుంటగా మలిచి లాగుతారు, లాగేటప్పుడు తల గుండ్రంగా తిరిగి రేకు మీద గట్టిగా కూర్చుంటుంది. ఆ ముక్కు లేత్ మీద చేసుకోవచ్చు. సాలిడ్ రివెట్ల డిజైన్ ఎంచుకుంటే కథ వేరు, ఒకరు గన్‌తో కొట్టాలి, ఇంకొకరు వెనక ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఆ చప్పుడుకి మీ వీధి మొత్తం లేస్తుంది. 3.2 మి.మీ. సాలిడ్ రివెట్ కొట్టాక వెనక ఏర్పడే తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి, అంటే 4.8, 1.6 మి.మీ. దానికి చిన్న రేకు గేజ్ చేసి పెట్టుకుంటారు.

బెజ్జానికి కూడా లెక్క ఉంది. మన షాపుల్లో దొరికే 3.2 బిట్‌తో వేస్తే ఆ రివెట్ మరీ బిగుతుగా పోతుంది, నంబర్ 30 బిట్ కావాలి, అది 3.26. ముందు నంబర్ 40తో చిన్న బెజ్జం వేసి, క్లీకోలతో (బెజ్జాల్లో తాత్కాలికంగా పెట్టే క్లిప్పులు) రెండు రేకుల్నీ కలిపి పట్టించి, తర్వాత పెద్దది చేయాలి. ఆఖర్న అన్నీ విప్పి, ప్రతి బెజ్జానికీ రెండు వైపులా బర్ (అంచున లేచిన గరుకు) తీసి, ప్రైమర్ కొట్టి, మళ్ళీ కలిపి రివెట్ చేయాలి. ఇక్కడే సగం మందికి ఓపిక చచ్చిపోతుంది. బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకి కనీసం రివెట్ మందానికి రెట్టింపు దూరం ఉండాలి, తక్కువైతే ఆ భాగం పక్కన పడేయడమే.

మీ షెడ్డు గురించి ఒక భయం ఉంది. బెంచ్ గ్రైండర్, ఇనప పని అన్నీ అక్కడే అన్నారు. ఇనప రజను అల్యూమినియం మీద పడి దిగబడితే, మన ఈశాన్య రుతుపవనాల చెమ్మలో అక్కడే తుప్పు మొదలవుతుంది. ఇనుముకి వాడిన ఆకురాయి, బ్రష్, ఎమరీ ఏదీ దీనికి వాడకూడదు. గ్రైండర్ రాయి మీద అల్యూమినియం అసలు పెట్టకండి, రాయి నిండిపోయి పగిలే ప్రమాదం ఉంది, ఇనప తుప్పు దుమ్ము, అల్యూమినియం దుమ్ము ఒకచోట కలిసి నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో రైలు పట్టాలు అతికే థెర్మిట్ వెల్డింగ్ చూసినవాళ్ళకి తెలుసు. ఇంకొకటి, మార్కింగ్‌కి పెన్సిల్ వద్దు. గ్రాఫైట్‌కీ అల్యూమినియానికీ పడదు, గీసిన చోటే తినేస్తుంది. స్క్రైబర్ (గీతలు గీసే ఇనప సూది) గీత మీద రేకు వంచితే అక్కడే చీలిక మొదలవుతుంది. సన్న మార్కర్ పెన్ చాలు.

బస్ బాడీ చిత్తూరు:

అబ్బయ్యా, నేను ముప్పయ్యేళ్ళకి పైగా బస్సు బాడీలు కట్టినోణ్ణి. పైన తమ్ముడు చెప్పింది బాగుంది గానీ, చదివితే భయం పుట్టేలా ఉంది. రేకు పని తెలిసినోడి చేతికి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. రివెట్ లైను తిన్నగా వేయడం, రేకు అలలు రాకుండా బిగించడం మా కుర్రోళ్ళు రెండు నెలల్లో నేర్చుకుంటారు. నీకు ఫిట్టర్ చెయ్యి ఉంది కదా, సగం పని అయిపోయినట్టే.

నేను చెప్పేది వేరే. ఎండ. మన దగ్గర మే నెలలో పొద్దున ఆరుకీ మధ్యాహ్నం రెండుకీ రేకుల షెడ్డులో పదిహేను డిగ్రీలకి తక్కువ తేడా ఉండదు. మూడు మీటర్ల అల్యూమినియం రేకు ఆ తేడాకి దగ్గర దగ్గర ఒక మిల్లీమీటర్ సాగుతుంది. కింద నువ్వు పెట్టుకున్న ఇనప ఫ్రేము అందులో సగమే సాగుతుంది. పొద్దున సగం బెజ్జాలు, మధ్యాహ్నం సగం బెజ్జాలు వేశావనుకో, మర్నాడు పొద్దున రేకు పొంగుతుంది, లేదా బెజ్జాలు కలవవు. ఒక లైను మొదలుపెడితే ఒకే పూట ముగించు. మేమైతే పొడుగు ప్యానెళ్ళు ఎప్పుడూ తెల్లవారుజామునే. రేకు మీదుండే ప్లాస్టిక్ కవరు కూడా నెలల తరబడి అలాగే ఉంచొద్దు, వేడికి గమ్ము పట్టేసుకుంటుంది, పీకలేక చస్తావు, కింద చెమ్మ చేరితే మచ్చలు.

సర్టిఫికెట్ కాగితాల గొడవ ఎందుకు, మంచి కంపెనీ రేకు అయితే చాలదా?

పుత్తూరు టు పల్లావరం:

పెద్దాయనా, ఎండ గురించి మీరు చెప్పింది నేను రాయాల్సింది, మర్చిపోయాను. కాగితం మీద మాత్రం ఒప్పుకోను. బస్సులో ఒక రివెట్ లూజ్ అయితే చప్పుడు వస్తుంది, డ్రైవర్ తిట్టుకుంటూ షెడ్డుకి తెస్తాడు. రెక్క లోపలి స్పార్‌లో, అంటే బరువు మోసే దూలంలో మెత్తటి రేకు పడితే చప్పుడు రాదు, ఏదో ఒక గాలి దెబ్బకి ఒక్కసారే పోతుంది. పైగా రేపు తనిఖీకి వచ్చే ఆఫీసర్ కట్టిన విమానాన్ని చూసి ఇది 6061 అని చెప్పలేడు, కాగితమే చూస్తాడు. బోల్టులూ అంతే, విమానం బోల్ట్ తల మీద గుర్తు ఉంటుంది, అది లేని హార్డ్‌వేర్ బోల్ట్ ఎంత కొత్తగా మెరిసినా పెట్టకూడదు.

రేకు చేతికి రావడం, పని నేర్చుకోవడం తిరుపతిలో కచ్చితంగా అవుతుంది. ఆ నమ్మకం నాకుంది.

జక్కూరు గాలి:

పర్మిషన్ భాగం నేను చెప్తా. చిత్తూరు వాణ్ణి, బెంగళూరులో ఉద్యోగం, వారాంతాల్లో జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో మైక్రోలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) నడపడం నేర్చుకుంటున్నా కాబట్టి ఈ కాగితాలు కొంచెం తెలుసు.

మన దేశంలో రిజిస్ట్రేషన్ లేకుండా, ఎగరడానికి అనుమతి లేకుండా ఏ విమానమూ నేల విడవకూడదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో విమానం డిజైన్ మీద నియంత్రణ కూడా చేరింది. అందుకే కట్టేశాక అడుగుదాంలే అనే ఆలోచన పక్కన పెట్టి, మొదటి రేకు కొనకముందే ఏ డిజైన్, ఎక్కడ కడతా, ఎవరు తనిఖీ చేస్తారు అని విమానాల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ డీజీసీఏకి రాతపూర్వకంగా రాయి బ్రదర్. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేం, కానీ ఆ ఉత్తరం కాపీ నీ దగ్గర ఉండటం ముఖ్యం.

కుదరని పని మాత్రం కాదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ కాందివలిలో తాను ఉండే బిల్డింగు డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, పేపర్లలో ఫోటోలు వచ్చాయి. అయినా రిజిస్ట్రేషన్ వచ్చింది 2017 నవంబర్‌లో, ఎగరడానికి పర్మిట్ 2019 అక్టోబర్‌లో. ఆయన అప్పటికే పెద్ద విమానాలు నడిపే పైలట్, ముఖ్యమంత్రి స్థాయి నుంచి మద్దతు కూడా వచ్చింది. అట్లాంటాయనకే అన్నేళ్ళు పట్టింది, అది దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టు.

దీనికి పూర్తి రివర్స్ కథ ఇంగ్లండ్‌ది. అక్కడ ఉంటున్న కేరళ ఇంజనీర్ ఒకాయన లాక్‌డౌన్ టైమ్‌లో స్లింగ్ టీఎస్ఐ అనే నాలుగు సీట్ల మెటల్ కిట్ సౌత్ ఆఫ్రికా నుంచి తెప్పించి ఇంటి దగ్గరే కట్టారు, 2022లో భార్యాపిల్లలతో అందులో తిరుగుతున్న వార్తలు మన దగ్గర కూడా వచ్చాయి. ఆయన తెలివిగలవాడే, కాదనను, కానీ అక్కడ లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఉంది, దాని ఇన్స్పెక్టర్లు దశ దశకీ వచ్చి చూసి సంతకం పెడతారు. అమెరికాలో సగానికి పైగా పని కట్టుకునేవాడే చేస్తే చాలు, ఎక్స్‌పెరిమెంటల్ అనే విభాగం కింద ఎగరడానికి అనుమతి ఇస్తారు, అక్కడ 1953లో పెట్టిన ఈఏఏ అనే సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం ఊరూరా ఉంది. మనకి ఆ పక్కింటి ఇన్స్పెక్టర్ లేడు, అసలు లోటు అదే.

తిరుపతి విషయంలో ఇంకో చిక్కు. రేణిగుంట విమానాశ్రయం పక్కనే ఉంది, తూర్పున శ్రీహరికోట, దాని చుట్టూ ఆకాశంలో ఆంక్షలు, కొండ సంగతి కొర్లగుంట తమ్ముడు చెప్పనే చెప్పాడు. కట్టేది తిరుచానూరులో, ఎగిరేది ఇంకెక్కడో అని ముందే ఫిక్స్ అయిపో. రెక్కలు విప్పి లారీలో పోయేలా డిజైన్ ఉండాలి, షెడ్డు గుమ్మం లోంచి బాడీ బయటికి రావాలి. నవ్వొద్దు, ఆ గుమ్మం కొలత ఇవాళే తీసుకో.

పెట్రోల్ గురించి కూడా ఆలోచించు. ఇలాంటివాటికి ఎక్కువగా పెట్టేది రోటాక్స్ 912, 80 లేదా 100 హార్స్‌పవర్. దానికి మామూలు పెట్రోల్ పోయొచ్చు అని యూట్యూబ్‌లో చెప్తారు, నిజమే, కానీ ఆ కంపెనీ 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటుంది, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం కలిపింది. రేకు, రివెట్లు అన్నీ కలిపినా ఇంజను ఖర్చు ముందు చిన్నవే, అది ఆఖర్న కొనాలి, ముందే కొంటే షెడ్డులో పడి వారంటీ అయిపోతుంది.

రేణిగుంట రేకు:

అందరికీ థ్యాంక్స్. చదివి రాత్రి నిద్ర పట్టలేదు, కొంచెం భయం, కొంచెం సంతోషం. కొర్లగుంట తమ్ముడూ, సెల్ఫీకి టికెట్ పెడతాలే.

షెడ్డు గుమ్మం కొలిచా, ఏడడుగుల వెడల్పు, బాడీ వస్తుంది. ఇనప పని మొత్తం వరండాలోకి మార్చేస్తా. ఒకటి అడుగుతా, కిట్టా, డ్రాయింగులా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పుత్తూరు టు పల్లావరం:

ఇప్పుడే రెండూ వద్దు. రడ్డర్ ఒక్కటి కట్టండి, అంటే తోక మీద నిలువుగా ఉండి విమానం ముక్కుని పక్కలకి తిప్పే భాగం. జెనిత్ వాళ్ళు కొత్తవాళ్ళకి అమ్మేది కూడా మొదట రడ్డర్ కిట్టే, మిస్సోరిలో వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్తే రెండ్రోజుల వర్క్‌షాప్‌లో అదే కట్టిస్తారు. అందులో స్పార్, రిబ్బులు (ఆకారం ఇచ్చే అడ్డ పక్కటెముకలు), రేకు చుట్టడం, రివెట్లు అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. అది తిన్నగా, మెలిక లేకుండా వస్తే మిగతా విమానం అదే పని, ఎక్కువసార్లు. మెలిక తిరిగితే పోయేది రెండు రేకులు.

ఆ తర్వాత ఆలోచిస్తే నా ఓటు కిట్‌కే. ఇప్పటి కిట్లలో బెజ్జాలన్నీ కంప్యూటర్ మిషన్ మీద వేసి వస్తాయి, క్లీకో పెట్టగానే రేకు దానంతట అదే తిన్నగా కూర్చుంటుంది, మెటీరియల్ కాగితాలు ఒకేచోట నుంచి వస్తాయి. డ్రాయింగుల నుంచి కడితే డబ్బు మిగులుతుంది, ఏళ్ళు పోతాయి. అలా అని కిట్ అంటే వారాంతాల్లో తేలిపోయేదీ కాదు, ఆర్వీ కట్టినవాళ్ళు వెయ్యిన్నర, రెండువేల గంటల లెక్క చెప్తుంటారు. మీరు ఫిట్టర్ కాబట్టి డ్రాయింగుల వైపు మనసు లాగుతుంది, అర్థమవుతుంది.

ఏది చేసినా, ప్రతి భాగాన్నీ రేకుతో మూసేముందు లోపల ఫోటోలు తీయండి, తేదీ, రేకు నంబరు, ఏ రివెట్లు వాడారు, అన్నీ ఒక లావు నోటుబుక్‌లో చేత్తో రాయండి. మూసేశాక ఎవరూ చూడలేరు.

బస్ బాడీ చిత్తూరు:

కాగితం సంగతి ఒప్పుకుంటున్నా తమ్ముడూ, స్పార్ మాట చెప్పాక ఇంకేం మాట్లాడను. పిల్లోడా, రడ్డర్ స్పార్ వంచడానికి నీ దగ్గర బెండింగ్ మిషన్ ఉందా?

రేణిగుంట రేకు:

మా షాపులో నాలుగడుగులది ఉంది సార్. కానీ దాని డై (రేకుని నొక్కి వంచే అచ్చు) ముక్కు పదును, ఇనప రేకు వంచేది. టీ6 దాంట్లో పెడితే మడత దగ్గర చీలుతుందని ఎక్కడో చదివాను.

బస్ బాడీ చిత్తూరు:

చీలుతుంది. పై డై ముక్కుకి 3 మి.మీ. గుండ్రం ఉండాలి, మా దగ్గర ఎనిమిది అడుగుల మిషన్‌కి అట్లాంటి డై ఒకటి పాతది పడి ఉంది, అల్యూమినియం ప్యానెళ్ళకి చేయించింది. ఆదివారం మిషన్ ఖాళీ. ముందు పనికిరాని 6061 ముక్కలు ఒక నాలుగు పట్టుకురా, రేకు మీద సన్న గీతల్లా కనిపించే పోగు ఉంటుంది చూడు, దానికి అడ్డంగా రెండు, పోగు వెంబడి రెండు వంచి చూద్దాం, తేడా నీకే తెలుస్తుంది. భూతద్దం కూడా తీసుకురా, నా కళ్ళకి ఇప్పుడు చీలికలు కనపడవు.

కొర్లగుంట కుర్రోడు:

నేనూ వస్తా అన్నా, బండి ఉంది. రేకులు పట్టుకోవడానికి వెనక ఒకడు కావాలి కదా.